గిరగిరా తిరిగిన సినిమా

కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకు ఇంట్లో సొంత సినిమా హాలు ఉందని బంధువులందరికీ తెలుసు. తెలియనివాళ్ళను ఆయన మిగల్చలేదు. నిజానికి అది హాలేమీ కాదు, పడకగదిలో బీరువా పక్కన నేలమీద పెట్టిన నల్లటి కంప్యూటరు డబ్బా. ఏళ్ళ తరబడి పోగుచేసిన సినిమాలన్నీ అందులో ఉన్నాయి. ప్రతిదానికీ పోస్టరు తగిలించి, సంవత్సరాల వారీగా సర్దుకున్నాడు. సర్దడంతోనే సరిపోయేది కాబట్టి వాటిలో ఆయన చూసినవి తక్కువ.

"మనం ఎక్కడ కూర్చుంటే అక్కడికి నెట్టులో వచ్చేస్తుందండీ మన ఇంటి సినిమా!" అని దుకాణానికి వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. కంటి పరీక్షకు గడ్డం ఆనించి కూర్చున్నవాళ్ళు కదలడానికి వీల్లేదు కనుక వినేవారు.

పక్క ఊళ్ళో ఉండే అక్క గోడంత టీవీ కొన్నప్పుడు ఆ మాట నిరూపించే అవకాశం వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక బావ రిమోటు అందుకోబోయాడు.

"ఆగండి బావా, ఆ ప్రకటనల గోల మనకెందుకు? మా ఇంటి నుంచి వేస్తాను" అని ఆయనే లాక్కున్నాడు.

పాస్‌వర్డు ఒక్కో అక్షరమే నొక్కి, తప్పు కొట్టి, మళ్ళీ నొక్కాడు. చివరికి తెరమీద పోస్టర్లు బారులు తీరాయి. అందరూ "అబ్బో" అన్నారు. ఆయన గర్వంగా ఒక పాత కుటుంబ కథను ఎంచాడు. తెర మధ్యలో ఒక సున్నా గిరగిరా తిరగసాగింది.

"సినిమా పేరు సున్నానా మామయ్యా?" అంది మేనకోడలు.

ఆయన భార్యకు ఫోను చేశాడు. కంగారులో స్పీకరు మీట కూడా నొక్కేశాడు.

"ఏమోయ్, డబ్బా మీద పచ్చ లైటు వెలుగుతోందా?"

"కనపడట్లేదండీ. దానిమీద మేజోళ్ళు ఆరేశాను."

"మేజోళ్ళా!"

"వెచ్చగా ఉంటుందిగా, ఇట్టే ఆరిపోతాయి. ఇన్నాళ్ళూ మీరు వేసుకున్నవన్నీ అక్కడ ఆరినవే."

ఇల్లంతా గొల్లుమంది. మేజోళ్ళు తీయించి, వేడెక్కి ఆగిపోయిన డబ్బాను మళ్ళీ ఆన్ చేయించాక సినిమా మొదలైంది. కథానాయిక తండ్రి కోపంగా చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

"మా ఇంట్లోకి నెట్టు వేగంగానే వస్తుంది. బయటికి పంపడమే నెమ్మది" అని ఆయన వివరించబోయాడు. ఎవరూ వినలేదు.

"పాపం, పెద్దాయన ఆటోని పిలుస్తున్నాడ్రా" అంది అక్క.

కాస్త కదిలి ఈసారి కథానాయిక నోరు తెరిచి ఆగింది. "పన్ను నొప్పి నాన్నా, తొందరగా పిలువు!" అన్నాడు బావ సన్నటి గొంతుతో. ఎన్నడూ పెద్దగా నవ్వని మనిషి బావ.

"అది ఏడుపు సినిమా. మీరిలా నవ్వితే ఎలా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఏడుస్తూనే ఉన్నాంరా, చూడు" అని అక్క కళ్ళు తుడుచుకుంది.

ఆయన అలిగి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. అయినా చూపు తెరమీదే ఉంది. ఈసారి దుర్మార్గుడు ఒక కన్ను మూసి ఆగిపోయాడు. కళ్ళజోళ్ళాయన నోటి నుంచి దుకాణం గొంతు దానంతటదే వచ్చేసింది: "ఇప్పుడు రెండో కన్ను మూసి, కింది వరుస చదవండి."

మేనకోడలు సోఫా మీంచి జారి కింద పడింది. ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ సినిమా కథేమిటో ఈనాటికీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పరువు దక్కించుకోవాలని ఆయన ఇంట్లో వేగమైన నెట్టు కనెక్షను పెట్టించాడు. మళ్ళీ అక్కగారింటికి వెళ్ళినప్పుడు సినిమా ఎక్కడా ఆగకుండా నడిచింది. కాసేపటికి బావ కునుకు తీశాడు. మేనకోడలు ఫోను చూసుకుంటూ కూర్చుంది.

"బాగానే ఉందిరా" అంది అక్క ఆవలిస్తూ. "కానీ ఆ రోజంత బాగాలేదు."

ఆయన రిమోటు తీసుకుని తనే సినిమాను ఆపాడు. తెరమీద కథానాయకుడు చేతులు చాచి నిలబడిపోయాడు.

"ఊఁ, లేవండి బావా" అన్నాడు. "ఏమంటున్నాడో చెప్పండి."