నేను నేర్పిన చేతులు

మొన్న మా అక్క రిటైర్మెంట్ సభలో ఆరుగురు మాట్లాడారు. పని చేసే చోట సమానత్వం గురించి ముప్ఫై ఏళ్ళు పరిశోధన చేసిందనీ, ఆవిడ పుస్తకం చదవనివాళ్ళు ఈ శాస్త్రంలో లేరనీ ఒకటే పొగడ్తలు. ఒక్కరంటే ఒక్కరు ఆసుపత్రి లాండ్రీ ఊసెత్తలేదు. అక్క తల వంచుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు చెప్పనిది నేనే చెబుతాను.

అక్క చదువు పుస్తకాల్లో చదివేది కాదు. వెళ్ళి కూర్చుని చూసేది. పీహెచ్‌డీ కోసం ఒక బీమా ఆఫీసులో రెండేళ్ళు మూల కుర్చీలో కూర్చుని, మీటింగుల్లో ఎవరి మాటకి ఎవరు అడ్డం వస్తున్నారో గీతలు గీసుకుంది. దానికి రెండేళ్ళెందుకక్కా, మనింట్లో ఒక్క పూట భోజనాల దగ్గర కూర్చుంటే తెలిసిపోయేదిగా అన్నాను. నవ్వింది. నవ్వి, అది కూడా నోట్‌బుక్కులో రాసుకుంది. ఆవిడ జబ్బే అది.

అంత చదివినా యూనివర్సిటీలో పదకొండేళ్ళు తాత్కాలిక లెక్చరర్‌గానే ఉంచారు. డిపార్ట్‌మెంట్ మీటింగు జరిగితే మినిట్స్ రాసే పని ఎప్పుడూ అక్క నెత్తినే పడేది. పుస్తకం ఒకటి వస్తే తప్ప ఉద్యోగం పర్మనెంట్ కాదని తేల్చి చెప్పారు. పుస్తకానికి తగ్గ చోటు వెతుక్కుంటుంటే వదినని చూపించింది నేనే. ఆ పాపంలో నా వాటా నాకుంది.

వదినంటే మా ఆయన అక్క. ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో అప్పటికే పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. రక్తపు మరకల దుప్పటికి ముందు చన్నీళ్ళే పట్టాలనీ, వేడినీళ్ళు తగిలితే ఆ మరక ఇక జన్మలో వదలదనీ కొత్తవాళ్ళకి చెప్పేది ఆవిడే. యంత్రం తిరిగే చప్పుడు విని, లోపల బట్టలన్నీ ఒక పక్కకి చేరాయని దూరం నుంచే చెప్పేసేది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న మగవాళ్ళు నలుగురు, ఒకరి తర్వాత ఒకరు, ఆవిడకే సూపర్‌వైజర్లయ్యారు. "నేను పని నేర్పిన చేతులే నాకు హాజరు వేస్తున్నాయి" అనేది వదిన. అన్నం తినేటప్పుడు ఎన్నిసార్లు అందో, లాండ్రీలో అందరికీ అది కంఠతా వచ్చేసింది.

అక్క ఎనిమిది నెలలు అక్కడికి వెళ్ళింది. దుప్పటికి ఆ కొస వదిన, ఈ కొస అక్క. మడతలు వేస్తూ గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. వదిన ఆవిడకి చదువుల వదిన అని పేరు పెట్టింది. పేరు రాయననీ, ఆనవాలు దొరకనివ్వననీ అక్క మాటిచ్చింది, ఇచ్చినట్టే చేసింది. ఆసుపత్రిని హోటల్ చేసింది, దుప్పట్లని బల్ల గుడ్డలు చేసింది, వదిన వయసు ఆరేళ్ళు తగ్గించింది. కానీ అక్కకో పట్టింపు ఉంది. మనిషి పేరు మార్చొచ్చు గానీ మనిషి అన్న మాట మార్చకూడదంటుంది. వదిన మాట ఉన్నదున్నట్టు నాలుగో అధ్యాయం పేరయి కూర్చుంది.

పుస్తకాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. అక్క పర్మనెంట్ అయింది. వదిన ఒక్కో వరుస కింద వేలు పెట్టి నాలుగో అధ్యాయం వారం రోజులు చదివింది. "చదువుల వదిన నన్ను హోటల్‌కి బదిలీ చేసింది సరే, అక్కడైనా ప్రమోషన్ ఇవ్వాల్సింది" అని నవ్వింది.

నిజం ప్రమోషన్ కూడా దగ్గరికొచ్చింది. ఆ ఏడాది సూపర్‌వైజర్ పోస్టుకి వదిన ఒక్కదాని పేరే పైకి పంపారు, నెలలో ఆర్డరు రావాలి. ఆవిడకి ఇంకే కోరికా లేదు. ఒక్కరోజైనా ఆ హాజరు రిజిస్టరు తన చేత్తో తెరవాలంది.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రివాళ్ళకి సమానత్వం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక కమిటీ వేశారు. మా అక్క పుస్తకమే కొని ప్రతి విభాగం పెద్దకీ ఒకటి పంచారు. అక్క వచ్చి వెళ్ళాక చేరిన లాండ్రీ మేనేజర్ విషయసూచిక తెరిచాడు, నాలుగో వరుస దగ్గర ఆగిపోయాడు. వదినని పిలిచి ఈ మాట నీదేనా అని అడిగాడు. వదిన తొణకలేదు. ఏ హోటల్లో ఏ ఆడదాన్నడిగినా ఇదే మాట అంటుంది సార్ అంది. ఆయన ఇక వెళ్ళమన్నాడు. చేతిలో రుజువేమీ లేదు. ఇంకో వారం నోరు మూసుకుని ఉంటే అదే సద్దుమణుగుతుందని వదిన నాతో అంది, ఎవరికీ చెప్పొద్దంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా అక్కకి ఫోన్ చేశాను.

అక్క కంగారు పడిపోయింది. తన వల్ల ఒక మనిషికి హాని జరగకూడదు, అదే ఆవిడకి తెలిసిన ధర్మం. యూనివర్సిటీ కాగితం మీద ఉత్తరం రాసింది. నాకు సమాచారం ఇచ్చిన వ్యక్తిని ఏ విధంగానూ ఇబ్బంది పెట్టరాదు, అది పరిశోధన నియమాలకి విరుద్ధం అని. కింద సంతకం, పైన ముద్ర. డైరెక్టరుకొకటి, కమిటీకొకటి, లాండ్రీ మేనేజర్‌కొకటి పంపింది. పుస్తకంలో ఉన్నదేమో హోటల్, ఉత్తరం వెళ్ళిందేమో ఆసుపత్రికి! ఆఫీసుల్ని అంతంత కాలం కూర్చుని చదివిన మనిషికి ఆ ముక్క తట్టలేదు. మేనేజర్ వెతుక్కుంటున్న రుజువు రిజిస్టర్డ్ పోస్టులో చేతికొచ్చింది.

ఆర్డరు వచ్చింది, ఐదో మగవాడి పేరు మీద. అతనికీ పని నేర్పింది వదినే. లోపలి విషయాలు బయటపెట్టిందని రాతపూర్వకంగా ఎక్కడా అనలేదు. పని సౌకర్యం కోసం అని రాసి, వదినని మురికి బట్టలు విడదీసే గదికి మార్చారు. ఏడో నెలలో ఒక దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది అరచేతిలో దిగింది. చీము పట్టింది, ఆపరేషన్ చేశారు, రెండు వేళ్ళు ఇక వంగలేదు. మడత పెట్టలేని చేతులతో లాండ్రీలో పనేముందన్నారు. పంపించేశారు.

అక్క కాళ్ళరిగేలా తిరిగింది. కమిటీ చుట్టూ, లాయర్ల చుట్టూ. అన్నీ నియమాల ప్రకారమే జరిగాయన్నారు. ఆ మధ్యలోనే అక్కని ప్రొఫెసర్‌ని చేశారు. ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఓదార్చడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ చేసిన నోరది.

మూడేళ్ళకి పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. అక్క నన్ను తోడు తీసుకుని వదిన ఇంటికెళ్ళి మొదటి కాపీ ఆవిడ చేతిలో పెట్టింది. వదిన మంచినీళ్ళిచ్చింది, కళ్ళజోడు తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంది. విషయసూచిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది.

"నాలుగోది ఏది?" అంది.

"తీసేశాను వదినగారూ" అంది అక్క. ఆ మాట ఎంత హాయిగా అందో, శిక్ష పూర్తిచేసుకున్న మనిషిలా. "ఇక మీ మాట పట్టుకుని మిమ్మల్నెవరూ ఏమీ చెయ్యలేరు. దాని వల్లే కదా ఇదంతా."

వదిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"ఉత్తరం రాసినప్పుడు నన్నడగలేదు. కంగారులో రాశారులే అనుకున్నాను. ఈ మూడేళ్ళూ తీరిగ్గానే ఉన్నారు కదా, దీనికైనా నన్నడగొచ్చుగా."

వదిన ఆ విషయసూచిక మీదే మళ్ళీ వేలు పెట్టింది.

"ఉద్యోగం వాళ్ళు తీశారు. ఇరవై ఏళ్ళకి పైగా నేనక్కడ ఉన్నానని చూపించుకోడానికి మిగిలింది ఆ ఒక్క పాఠమే. అది మీరు తీశారు."

వేళ్ళు వంగని చేత్తోనే పుస్తకం మూసి, అక్క వైపు జరిపింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి వదినా. ఇందులో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు."