లవీనా పెనం, ఎల్ఫియస్ బూర

ఎల్ఫియస్ స్టిన్సన్‌ది పదేళ్లుగా ఒకటే ఉద్యోగం. బోస్టన్ నుంచి ఒక బూట్ల ఫ్యాక్టరీ యజమాని వేసవికి అమెరికాలోని మా మెయిన్ రాష్ట్రపు తీరానికి వస్తే, ఆయన మోటారు బోటు నడపటం. 1917లో ఆ యజమాని బోటును యుద్ధానికని నౌకాదళానికి ఇచ్చేశాడు. తెల్లరంగు మీద బూడిదరంగు పడింది. పేరు పోయి నంబరు వచ్చింది. అతిథులు కూర్చుని తినేచోట చిన్న ఫిరంగి బిగించారు. ఇక దాని పని జర్మన్ జలాంతర్గాముల కోసం గస్తీ తిరగటం.

బోటుతోపాటు ఎల్ఫియస్‌ను తీసుకుంటారా లేదా అన్నది మాత్రం తేలలేదు. అరవై రెండేళ్లు. ఆ బోటు తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

"వారం చూస్తాను. చెప్పిన మాట వింటే శనివారం మిమ్మల్ని దళంలో చేర్చుకుంటూ సంతకం పెడతాను" అన్నాడు వార్డ్‌వెల్ అనే ఇరవై మూడేళ్ల అధికారి. మొదటి ఆజ్ఞ: శత్రువుకు వినబడకుండా గస్తీలో బూర ఊదకూడదు.

శుక్రవారం ఇద్దరూ గస్తీ నుంచి బోటులో తిరిగొస్తుంటే సముద్రం మీద పొగమంచు కమ్మింది. మంచు కమ్మితే మా ఊరి ఆడవాళ్లు రేవులో నిలబడి ఇనప పెనాలు వాయిస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో వరస. మగవాడు తన ఇంటి చప్పుడు పోల్చుకుని బూర ఊదేదాకా ఆపరు.

"ఏమిటా గోల?" అన్నాడు వార్డ్‌వెల్.

"మా ఆవిడ లవీనా, బాబుగారూ. మూడు దెబ్బలు, ఆగి రెండు. దాన్ని పట్టుకుని పోతే రాళ్లు తప్పించుకుంటాం."

"చప్పుడు వద్దన్నానుగా!"

"నాకు చెప్పారు. ధైర్యముంటే ఆవిడకూ చెప్పండి."

దగ్గరయ్యేకొద్దీ దెబ్బలు తడబడసాగాయి.

"చేతులు పడిపోతున్నాయి దానికి. నేను మునిగిపోయాననుకుంటుంది. ఒక్కసారి ఊదనీయండి."

"ఊదితే రేపు సంతకం లేదు."

ఎల్ఫియస్ నౌకాదళం వాళ్లిచ్చిన టోపీ తీసి వార్డ్‌వెల్ చేతిలో పెట్టాడు. బూర అందుకుని గట్టిగా ఊదాడు. పెనం ఆగిపోయింది.

"బాగుంది! ఇప్పుడు దారెలా తెలుస్తుంది?"

"కాస్త ఆగండి."

మంచులోంచి గొంతు లేచింది. "ఏమయ్యా! ఇంతసేపూ నోట్లో గడ్డి కుక్కుకున్నావా? నీకోసం చేతులు విరగ్గొట్టుకోనా? రా, చెప్తాను నీ సంగతి!"

"ఇంకో అరగంట ఆపదు" అన్నాడు ఎల్ఫియస్, తిట్లు వచ్చేవైపు చుక్కాని తిప్పుతూ.

రేవు చేరగానే వార్డ్‌వెల్ కాగితం తీసి, అక్కడే ఒక చేపల పీపా మీద పెట్టి సంతకం చేశాడు.

"నేను మాట వినలేదు కదండీ?"

"వినలేదు. కానీ దళంలో లేనివాణ్ణి నేను శిక్షించలేను. ఇక కుదురుతుంది. రేపు పొద్దున ఫిరంగి తోమండి."