కాలువ గట్టు మీద దారి తప్పిన చిన్నాన్న

మా చిన్నాన్న దారి అడుగుతాడు. ఆయన గురించి ముందుగా చెప్పాల్సింది ఇదే. ఇది చెప్పాక మిగిలేది కూడా పెద్దగా ఏమీ లేదు. కొందరు సిగరెట్లు కాలుస్తారు, కొందరు పేకాడతారు, మా చిన్నాన్న దారి అడుగుతాడు. తెలియని ఊళ్లో అడుగుతాడు, తెలిసిన ఊళ్లోనూ అడుగుతాడు. ఒకసారి మా వీధి మొదట్లోనే నిలబడి, ఎదురొచ్చిన పోస్ట్‌మాన్‌ని మా వీధి ఎటని అడిగాడు. ఆ మహానుభావుడు హడలిపోయి, చిన్నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గుమ్మంలో పిన్నికి అప్పజెప్పి వెళ్లాడు.

ఇంతా చేసి చిన్నాన్న పనిచేసింది పోస్టాఫీసులోనే. ఉత్తరాలు వేరుచేసే గదిలో కూర్చుని, కోడి గీకినట్టున్న చిరునామా చూసి కూడా ఏ కవరు ఏ సందులోకి పోవాలో చిటికెలో చెప్పేసేవాడట. ఆ పోస్ట్‌మాన్‌కి వీధులన్నీ నేర్పిందీ ఈయనే. ఇది మా పిన్నికి ఎప్పటికీ మింగుడుపడని విషయం.

రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఒక సైకిల్ కొన్నాడు. వెనక రెండు సంచులు తగిలించి, నెత్తిన హెల్మెట్ బోర్లించుకుని, ఒంటరిగా రోజుల తరబడి తిరిగొస్తాడు. కాలువ గట్ల వెంట వెళ్తాడు. పాత కోటలూ రాతి వంతెనలూ ఉన్న ఊళ్లంటే ప్రాణం. దారి చూపించే ఫోన్ ఒకటి కొనిచ్చి, అందులో ఆడగొంతు ఎటు తిరగమంటే అటు తిరగమని నేను నేర్పాను.

"ఎడమ వైపు తిరగండి" అంది ఫోన్.

"అలాగేనమ్మా" అన్నాడు చిన్నాన్న. "కానీ ఒకసారి ఆ కొట్టాయన్ని కూడా అడిగి చూద్దాం."

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, పోయిన ప్రయాణంలో దారి మధ్యనుంచి ఆయన పిన్నికి ఫోన్ చెయ్యకపోయుంటే. "ఏమోయ్, కాలవ గట్టు మీదున్నాను. దారి తప్పానేమోనని అనుమానంగా ఉంది" అన్నాడట పిన్నితో. కాలువ గట్టు మీద దారి తప్పడమంటే మాటలు కాదు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు, మధ్యలో ఉన్నదే ఒక్క దారి. తప్పాలంటే ఈత రావాలి.

పిన్ని నవ్వలేదు. నన్ను పిలిపించి, తలుపు వేసి మరీ చెప్పింది. "మా నాన్నకీ ఇలాగే మొదలైందే. ముందు వీధులు మర్చిపోయాడు, తర్వాత మమ్మల్ని మర్చిపోయాడు. ఈసారి నువ్వు వెంట వెళ్లు. నిజంగా దారి తెలియకపోతే సైకిల్‌కి తాళం వేసేస్తాను. ఏడ్చినా సరే తియ్యను."

ఏడ్చేది ఆయనో ఈవిడో చెప్పలేదు. నేను ఒక ఉద్యోగం మానేసి ఇంకోదాన్లో చేరబోతూ ఖాళీగా ఉన్నాను. పక్కింటివాళ్ల సైకిల్ అడిగి తెచ్చుకున్నాను. నన్ను చూడగానే చిన్నాన్న మొహం మాడిపోయింది.

"నువ్వొస్తే దారి ఎవర్ని అడగాలే?"

"నన్నడుగు."

"నీకేం తెలుసు?"

"నీకు మాత్రం ఏం తెలుసు?"

"అందుకేగా అడిగేది" అని పెడలు తొక్కాడు.

ఆయన వెంట సైకిల్ తొక్కడం అంటే నిజానికి తొక్కడం కాదు, ఆగడం. మొదట లాకుల దగ్గర ఆగాం. ఒకప్పుడు పడవలు పోయేటప్పుడు నీళ్లు ఆపి వదిలే తలుపులవి. ఇప్పుడు పడవలు లేవు. తలుపులకి తుప్పూ, వాటికో కాపలాదారూ మిగిలారు. ఆయన స్టూలు వేసుకుని నీళ్లకేసి చూస్తున్నాడు.

"ఏమండీ, ఈ కాలవ వెంబడి వెళ్లాలంటే ఎటు వెళ్లాలి?" అన్నాడు చిన్నాన్న.

కాపలాదారు కాలువనీ చిన్నాన్ననీ మార్చి మార్చి చూశాడు. "వెంబడే వెళ్లాలండీ."

"అంటే పక్కనుంచా?"

"పక్కనుంచే. లోపల్నుంచి కాదు."

నాకు కాలువలో దూకేద్దామనిపించింది. ఆ కాపలాదారు మాత్రం లేచొచ్చాడు. ముందు వంపు గురించి చెప్పాడు, ఆ వంపులో పడవ బోల్తాపడ్డ సంగతి చెప్పాడు, తుప్పు చక్రాన్ని గుండెలకి ఆనించి తిప్పి తలుపు ఎలా లేచేదో చూపించాడు. చిన్నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. మేము బయల్దేరుతుంటే ఆయన కొంతదూరం మా పక్కన నడిచి, "వంపు దగ్గర జాగ్రత్త!" అని కేకేశాడు.

మధ్యాహ్నానికి కోట ఉన్న ఊరు చేరాం. ఊరి మొదట్లో నా అంత పొడవు బోర్డు, దాని మీద "కోట" అని రాసి బాణం గుర్తు. బోర్డు కిందే ఆగాడు.

"బాణం ఉంది కదా చిన్నాన్నా!"

"పాత బాణం తల్లీ. ఈమధ్య ఏమైనా మార్చారేమో."

కోటని మారుస్తారా అని అడిగేలోపే ఒక ఇరుకు సందులోకి తిప్పేశాడు. అక్కడ ఒక పెద్దావిడ తన ఇంటి మెట్ల మీద ఊరికే కూర్చునుంది. ఆవిడ ఇంటి కప్పు మీదుగా కోట గోడ సగం ఆకాశాన్ని కప్పేసి కనబడుతోంది.

"అమ్మా, కోట ఎటండీ?"

"తిన్నగా వెళ్లండి బాబూ" అందావిడ.

"తిన్నాకా? అయ్యో, మీకెందుకమ్మా శ్రమ!" అంటూ చిన్నాన్న సైకిల్ గోడకి ఆనించి, హెల్మెట్ తీసి, ఆవిడ పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు.

నా తల కొట్టేసినట్టయింది. "చిన్నాన్నా, ఆవిడ తిన్నగా అంది. తిన్నాక అనలేదు!"

"తిన్నాకే అంది. నా చెవులకేం రోగం?"

పెద్దావిడ ముందు ఆయనకేసి పరకాయించి చూసింది, తర్వాత పకపకా నవ్వింది, ఆ తర్వాత నిజంగానే లేచి లోపలికి వెళ్లింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ సాయానికి వెళ్లాను. పొయ్యి ముట్టిస్తూ ఆవిడ అంది, "ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని నిన్నటినుంచి వెలిగించనే లేదమ్మా." తర్వాత గొంతు తగ్గించింది. "పోయినసారి వచ్చినప్పుడు కూడా మీ చిన్నాన్న ఇలాగే విన్నాడు. అంతకుముందూ ఇంతే. పాపం, చెవుడో మతిమరుపో. ఇంట్లోవాళ్లు కాస్త కనిపెట్టుకుని ఉండాలి."

వచ్చిన ఊరికే వచ్చి, అడిగినావిణ్ణే మళ్లీ అడుగుతున్నాడన్నమాట. పిన్ని భయం నిజమైంది. వెళ్లి ఆ మాట పిన్నికి చెప్పాలి. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. చిన్నాన్న మాత్రం మారు వడ్డించుకున్నాడు. ఆయనతో కబుర్లాడుతూ పెద్దావిడ కూడా కడుపునిండా తింది.

"నువ్వు ముందు పద, కోట గుమ్మం దగ్గరుండు. గిన్నెలు కడిగిచ్చి వస్తా" అన్నాడు చిన్నాన్న. కళ్లు మసకబారుతుంటే తొక్కుకుంటూ పోయాను. ఆ ఊరి సందులు కట్టినవాడికి ఎవరి మీద కోపమో తెలియదు. తిరిగిన చోటే తిరిగాను. ఫోన్లో ఆడగొంతు "వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి" అని నన్ను గింగిరాలు తిప్పి, చార్జి అయిపోయి ఊరుకుంది. చివరికి ఒక గోడ అడ్డమొచ్చింది. పైన మబ్బు కమ్ముకుంటోంది.

కాసేపటికి వెనక గంట మోగింది.

"గోడ దగ్గరే ఉంటావనుకున్నా" అన్నాడు చిన్నాన్న. "పాత బావి దగ్గర ఎడమకి తిరిగుంటావు. అక్కడ తిరిగినవాళ్లంతా ఇక్కడే తేలతారు. పద, వానొచ్చేట్టుంది."

అంతే, దూసుకుపోయాడు. ఒక కమాను కిందనుంచి, ఎవరిదో పెరటి గుమ్మంలోంచి, మెట్ల మీద సైకిల్ భుజానికెత్తుకుని, ఒక్కచోట తడబడకుండా వెళ్లి నన్ను కాలువ గట్టు మీద తేల్చాడు.

"చిన్నాన్నా! ఎవర్నీ అడగలేదు నువ్వు!"

ఆయన బ్రేకు వేశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా మొహం పెట్టాడు. "వాన కంగారులో మర్చిపోయాను."

"నీకు దారులన్నీ తెలుసు."

"గట్టిగా అరవకే." చుట్టూ చూసి, సైకిల్ దిగాడు. "ఒంటరిగా కూర్చున్న మనిషి దగ్గరికెళ్లి బాగున్నారా అన్నామనుకో, వీడెవడురా అని అనుమానంగా చూస్తారు. దారెటు అన్నామనుకో, లేచొచ్చి చెబుతారు. అంతే, ఇందులో పెద్ద కథేం లేదు. మీ పిన్నితో అనకు."

నాకు ఆయన్ని కొట్టాలనీ అనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. వాన మొదలవడంతో రెండూ కుదరలేదు.

ఇల్లు చేరగానే, నన్నేమీ అడక్కుండానే పిన్ని సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో దాచేసింది. పొద్దున్నే నన్ను వంటింట్లోకి లాగింది. "చెప్పవే. ఎంత ముదిరింది?" అడుగుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక దాచడం నా వల్ల కాలేదు, అంతా చెప్పేశాను. విన్నంతసేపూ పిన్ని చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "అయితే ఆ రోజు గట్టు మీదనుంచి ఫోన్ చేసింది..." అని, ఆ రోజు తను ఇంట్లో ఒక్కతే ఉన్న సంగతి గుర్తొచ్చిందేమో, ఆగిపోయింది. "పిచ్చి మనిషి" అంది. ఇంకా చాలా తిట్టింది, ముక్కు ఎగబీలుస్తూ, నవ్వుతూ.

అప్పుడే చిన్నాన్న గుమ్మంలోకి వచ్చాడు. "ఏమోయ్, సైకిల్ తాళంచెవి కనబళ్లేదు. ఎక్కడుందో నీకేమైనా తెలుసా?"

పిన్ని కళ్లు తుడుచుకుని, గంభీరంగా చెప్పడం మొదలెట్టింది. "ఇలా లోపలికి రండి. ఎడం పక్క అరలో..."

"ఎడం పక్కా?"

"ఆఁ, ఎడం పక్కే. కింద పెద్ద డబ్బా ఉంది చూడండి. మూత తీసి బియ్యంలోకి చెయ్యి పెట్టాలి."

చిన్నాన్న ఒక్క మాట కూడా పొల్లుపోనివ్వకుండా, తలాడిస్తూ విన్నాడు. అప్పటికే ఆయన చొక్కా చెయ్యి మోచేతిదాకా తెల్లగా బియ్యప్పొడి అంటుకుని ఉంది. నేను పిన్నికేసి చూశాను. పిన్ని కూడా ఆ చేతికేసే చూస్తోంది.

"అర్థం కాకపోతే మళ్లీ అడగండి" అంది పిన్ని.