నుమాయిష్ లైట్లూ, మా చెల్లెలి బ్లాజారూ

మా అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నమ్మనివాళ్ళు ఆబిడ్స్‌లో మా మేడ ఎక్కి చూడవచ్చు. టెలిస్కోపు ఇంకా నీళ్ళ ట్యాంకు పక్కనే ఉంది.

అది మా చెల్లెలిది. కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, ఏళ్ళ తరబడి ఒకే ఒక్క బ్లాజార్ మీద పరిశోధన చేస్తోంది. బ్లాజార్ అంటే ఎక్కడో దూరపు గాలక్సీ నడుమ ఉన్న బ్లాక్ హోల్. చుట్టూ ఉన్నదంతా మింగుతూ, కొంత ధారగా బయటికి చిమ్ముతుంది. ఆ ధార సరిగ్గా మన మొహం వైపే! అది ఉన్నట్టుండి భగ్గుమంటుంది. అందులోని గామా కిరణాలను ఉపగ్రహం చూస్తుంది, రేడియో తరంగాలను పెద్ద యాంటెనాలు పడతాయి, మామూలు వెలుగు మా మేడ వంతు. అన్నిటిలోనూ కలిసి పెరిగితే పండగే. కానీ మాది ఎంతకీ నిద్ర లేవదే!

"ఈ సీజన్‌ల కూడ లేవకపోతే థీసిస్ బంద్ చేస్త, అన్నా," అంది చెల్లెలు. పెట్టిన టీ అట్లాగే చల్లారిపోయింది.

జనవరిలో ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఫోటోలు తీసి వెలుగు లెక్క కట్టే పని నాకు అప్పగించింది. మొదటి సాయంత్రమే బ్లాజార్ ధగధగలాడింది. మెట్లు దూకుతూ దిగాను.

"చెల్లే, లేచింది!"

ఆమె ఫోటో చూసి నవ్వు ఆపుకుంది. "అన్నా, బ్లాజారే కాదు, గీడున్న చుక్కలన్నీ లేచినయ్. అన్నీ ఒక్కసారే పేలినయా ఏంది?"

"పేలొద్దా?"

"జర నాంపల్లి దిక్కు చూడు."

చూశాను. అక్కడి మైదానంలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్, మొదలైంది. జెయింట్ వీల్ లైట్లకు ఆకాశమంతా గులాబీ రంగు. ఆ వెలుగు తీసెయ్యకుండానే నేను లెక్క కట్టేశాను.

"నుమాయిష్‌ను గాలక్సీ అనుకున్నోడివి దునియాల నువ్వొక్కడివే," అంది.

మర్నాడు సాయంత్రం నేరుగా మైదానానికి పోయి జెయింట్ వీల్ అతన్ని పట్టుకున్నాను.

"భాయ్, జరసేపు లైట్లు ఆర్పుతవా? మా చెల్లె థీసిస్ ఉన్నది."

"థీసిస్ అంటే పెండ్లా సార్?"

"పెండ్లి కన్న ఎక్కువ."

"గట్లయితే ఫికర్ చెయ్యకు," అని మీట దించాడు. పైన ఆగినవాళ్ళు చుక్కలను చూసి చప్పట్లు కొట్టారు. మిర్చిబజ్జీల ఆమె కూడా పొయ్యి మంట తగ్గించింది. ఆ చీకట్లోనే మా మేడ మీద చెల్లెలు ఫోటో తీసింది.

ఈసారి తనే, ఎప్పుడూ మారని పక్క చుక్కలతో పోల్చి లెక్క కట్టింది. అవన్నీ ఎప్పటి వెలుగుతోనే ఉన్నాయి, బ్లాజార్ ఒక్కటే పెరిగింది! ఇంతలో ఉపగ్రహం వివరాలు వచ్చాయి. గామాలోనూ అదే వారం, అదే జోరు.

"అన్నా, నిజంగనే లేచిందే!" అని పేపర్ల కట్ట గాల్లోకి విసిరింది. పిల్లల జవాబులు వరండా అంతా ఎగిరాయి. ఆ ఏడే థీసిస్ పూర్తయింది.

ఇక బైబిలు సంగతి. లైట్లు ఎవరూ ఆర్పలేదు. "లైన్ల నిలబడు సార్" అన్నాడంతే ఆ భాయ్. నుమాయిష్ వెలుగును చెల్లెలు ఇంట్లో కూర్చుని లెక్కల్లోనే తీసేసింది. భగ్గుమన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆ సంబరంలో ఇద్దరం జెయింట్ వీల్ ఎక్కాం. పైకి చేరగానే చెల్లెలు చెయ్యి చాపి, "అగో, గాడ! కనబడ్డదా?" అంది.

లైట్లు తప్ప ఏమీ లేవు.

"ఔ, మస్తు కనబడుతుంది," అన్నాను.