కోలియస్‌కు పట్టిన చందూలాల్

చందూలాల్‌కు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. నమ్మకం లేకపోతే అడిగి చూడండి, ఆయనే చెబుతాడు. మణుగూరు బొగ్గుగని స్టోర్‌లో నట్లూ బోల్టులూ అందించే గుమాస్తా, ఇంటికొచ్చేసరికి డాక్టరూ వకీలూ తోటమాలీ అయిపోతాడు. ఏమీ లేని విస్తరే ఎగిరెగిరి పడుతుందని ఆయన భార్య భాను పెళ్లయిన ఏడాదే గ్రహించింది.

ఆ క్వార్టర్‌లో కుర్చీలు ఆయన ఇష్టం, కర్టెన్లు ఆయన చెల్లెలి ఇష్టం. భాను మనసుపడి తెచ్చుకున్నది ఒక్కటే, భద్రాచలం నర్సరీలో ఏరుకున్న కోలియస్ మొక్క. మెరూన్ ఆకు, చుట్టూ లేతాకుపచ్చ అంచు. నాలుగు రోజులు పోయేసరికి చుట్టాలందరికీ అది "నేను పెంచిన క్రోటన్" అయి కూర్చుంది. అది క్రోటనూ కాదు, ఆయన పెంచిందీ కాదు.

ఆ కాలనీ మగవాళ్లకు ఒక జబ్బుంది. ఓపెన్‌కాస్ట్ గని నుంచి లేచే బొగ్గు దుమ్ము ఆకుల మీద పడుతుందని, నల్లా రాగానే పైపు పట్టుకుని స్కూటర్‌తో పాటు మొక్కల్నీ కడిగేస్తారు. చందూలాల్ వాళ్లకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. పొద్దునా సాయంత్రం కడిగేవాడు. గచ్చు పాడవుతుందని కుండీ కింద పళ్లెం పెట్టాడు, అందులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండేవి. కాండం ఒరగకుండా నల్లమట్టిని దాని మెడదాకా ఎగదోశాడు.

రెండువేల ఆరు వానాకాలంలో ఒక పొద్దున కోలియస్ తల వాల్చేసింది.

"దప్పికైంది దానికి," అన్నాడు చందూలాల్, పైపు అందుకుంటూ.

భాను కుండీలో వేలు గుచ్చింది. అంతా బురద. మట్టి తడిగా ఉండీ ఆకు వాడిందంటే అది దప్పిక కాదు, కుళ్లు. మొదలు దగ్గర మట్టి తీసి చూస్తే కాండం నల్లబడి ఉంది. నొక్కితే మెత్తగా లోపలికి పోయి, మురుగు వాసన కొట్టింది. ఆమె ప్రాణం ఉసూరుమంది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

"నీ నీళ్లతోనే కుళ్లింది. పైకొమ్మ కోసి వేరే నాటాలె."

"నీకేం ఎరుక? గట్ల కోస్తే చస్తది. నా మొక్క మీద కత్తి పెట్టకు."

"నీదెప్పుడైంది?"

చందూలాల్ ఇంకాసిన్ని నీళ్లు పోశాడు. బుర్ర పనిచేయనప్పుడల్లా ఆయన చెయ్యి పనిచేస్తుంది.

ఆయన డ్యూటీకి వెళ్లగానే భాను కత్తిని మరిగే నీళ్లలో ముంచి తీసి, నలుపుకు పైన కోసింది. కోత నడుమ గోధుమరంగు మచ్చ. ఇంకా పైన కోసింది, మళ్లీ మచ్చే. ఇక బెత్తెడు కొమ్మ మిగిలింది. ఇదీ పోతే ఈ ఇంట్లో తనదంటూ ఏదీ లేదు. అయినా మళ్లీ కోసింది. ఈసారి తెల్లగా, శుభ్రంగా తెగింది.

కింది ఆకులు తీసేసి, అడుగున చిల్లులున్న డబ్బాలో ఇసుక కలిపిన కొత్త మట్టి పోసి నాటింది. ఆయన కంటపడని చోట, గాలాడే నీడలో పెట్టింది, కింద పళ్లెం లేకుండా. పైమట్టి ఆరితేనే నీళ్లు, అవీ కాండానికి తగలకుండా అంచు వెంట. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడిచేది.

కొమ్మ నిలదొక్కుకుని కొత్త ఆకులు వేశాక వసారాలోకి తెచ్చింది. పక్క క్వార్టర్ హేమలత వచ్చి మురిసిపోయింది.

"చచ్చేదాన్ని నేనే బతికించిన," అంటూ చందూలాల్ మగ్గు నిండా నీళ్లు పట్టుకొచ్చాడు.

భాను డబ్బాకు అడ్డం నిలబడింది.

"దప్పికైతే నువ్వు తాగు. అది నాది. దాని జోలికొస్తే బాగుండదు."

హేమలత చూస్తూనే ఉంది. చందూలాల్ మగ్గులోకి చూశాడు, భాను మొహంలోకి చూశాడు. ఆ నీళ్లు తాగేశాడు.