నిమ్మచెట్టు మొదట్లో కడుక్కోండి

మా రాజగోపాలన్ చిన్నాయనకి ఒకటే పిచ్చి. వాడిన నీళ్లు ఒక్క చుక్క కూడా మొక్క మొదట్లో తప్ప ఇంకెక్కడా పడకూడదు.

కోవిల్‌పట్టిలో ఆయనింట్లో అన్నం తిన్నవాళ్లు చెయ్యెక్కడ కడగాలో ఆయనే చెప్పాలి. బస్సు కండక్టరుగా రిటైరైన గొంతు. "ముందుకి పోండి, జామచెట్టు కాడ ఖాళీగా ఉండాది" అంటుంది. ఇక ఆయన స్నానం వంతులవారీగా జరిగేది. సోమవారం నిమ్మ, మంగళవారం మందార. తుండు కట్టుకుని చెంబుతో నిలబడ్డ ఆయన్ని చూసి వీధివాళ్లు వారం తెలుసుకునేవారు. కూతురి పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనుషులచేత కూడా అరటి పాదులోనే కాళ్లు కడిగించాడు. వసంతి పిన్ని ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. అరటి మాత్రం మంచి గెల వేసింది.

కిందటేడు పక్కింటి మారియమ్మాళ్‌కి కంట్లో పొర ముదిరింది. ఒంటిమనిషి, అగ్గిపెట్టెల కంపెనీలో పని. ఆపరేషన్ ఊరికే చేస్తారు గానీ, ఆ తర్వాత పనికి పోకుండా ఇల్లు గడవద్దూ? చిన్నాయన తన తోటని ఒక ఆదివారం ఊరందరికీ తెరుస్తానన్నాడు. చూసినవాళ్లు తోచింది హుండీలో వెయ్యాలి.

చెట్లు చూడ్డానికి ఎవరొస్తారని పిన్ని అడిగితే, సాంబారన్నం పెడదామన్నాడు. తిన్నవాళ్లు చేతులు కడుగుతారు కదా, చెట్లకీ పండగే. ఆ నీళ్లేవో నేరుగా చెట్లకే పొయ్యొచ్చు కదా అన్నాను. వాడని నీళ్లు చెట్టుకి పోస్తే పాపమట.

ఆదివారం జనం బాగానే వచ్చారు. మే నెల ఎండలో అంత పచ్చదనం చూసి నోళ్లు తెరిచారు. వెనక వీధి తంగపాండి మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు.

"మాకు తాగేదానికే లేవు. ఈ తోటకి నీళ్లెక్కడివి? దొంగ మోటార్ పెట్టినాడు" అన్నాడు.

హుండీ దాకా వచ్చిన చేతులు జేబుల్లోకి వెనక్కి పోయాయి. నలుగురు చెప్పులు వేసుకున్నారు. చిన్నాయన వంగి జామ పాదు సర్దడం మొదలుపెట్టాడు.

మారియమ్మాళ్ గోడ పట్టుకుని ముందుకొచ్చింది.

"ఆయన కొళాయి నీళ్లు ఈ చెట్లకి ఒక చెంబు కూడా పోవు, తంగపాండీ. అవి మా ఇంటి తొట్టిలో ఉండాయి. కొళాయి వచ్చే పొద్దుకి నేను కంపెనీలో ఉంటా. ఇన్నేండ్లుగా అన్నే గోడ మీద ట్యూబు ఏసి నింపుతాండాడు. మిగిలినదాంట్లోనే వాళ్లు వండుకోవాల, కడుక్కోవాల. ఆ కడిగిన నీళ్లే ఈ తోట."

ఇంతకాలం ఆయన్ని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తంగపాండి హుండీలో నోటు వేసి, కడుపునిండా తిని, ఎవరూ చెప్పకుండానే నిమ్మచెట్టు వైపు నడిచాడు.

"ఆడ నిండిపోయింది, ముందుకి పో" అన్నాడు చిన్నాయన. సాయంత్రానికి హుండీగా పెట్టిన పిన్ని ఇడ్లీ పాత్రకి మూత పట్టలేదు.

కట్టు విప్పిన రోజు మారియమ్మాళ్ ఆస్పత్రి నుంచి తిన్నగా తోటకే వచ్చింది. ఆ రోజు మంగళవారం. మందార పక్కన తుండుతో, తలంతా సబ్బు నురగతో చిన్నాయన నిలబడి ఉన్నాడు.

"అన్నా, కన్ను తెరిచి మొదట చూసేది ఇదా?"

ఆయన తుండు బిగించుకున్నాడు గానీ మొక్క దగ్గర్నుంచి కదల్లేదు.

"బస్సులో వచ్చినావు, కాళ్లు కడుక్కో. గోరింట కాడ ఖాళీగా ఉండాది" అన్నాడు.

ఆవిడ నవ్వుతూ వెళ్లి గోరింట మొదట్లోనే కడుక్కుంది.