దగ్గు కాదు, ఘాటు

మా కాలేజీ స్టాఫ్ రూములో ఈ సంగతి ఎప్పుడూ ఒకే తీరున చెబుతారు. మిర్చి షెడ్డుకి పరిశోధకులు వెళ్ళారట, కూలి ఆడవాళ్ళు రోగం దాచి అబద్ధాలు చెప్పారట, పాపం చదువుకున్నవాళ్ళ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయిందట. పింఛను పోతుందని భయపడి దాచారని ఒకాయన అంటాడు. మన జనానికి నిజం చెప్పే అలవాటే లేదని ఇంకొకావిడ టీ చల్లారేలోపు తీర్పు ఇచ్చేస్తుంది. వీళ్ళలో ఒక్కరూ ఆ షెడ్డు గడప తొక్కలేదు. నేను ఆ రోజంతా అక్కడే ఉన్నాను. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన మాటకి సరైన జవాబే చెప్పారు. అడగడం చేతకానిది అడిగినవాళ్ళకి.

ఆ ప్రాజెక్టు పేరు చదవడానికే ఊపిరి సరిపోయేది కాదు. ఎడ్యుకేషన్, ఎన్విరాన్‌మెంట్, ఫిజియాలజీ, ఎకనామిక్స్ నాలుగూ కలిసి మిర్చి కూలీల జీవితాన్ని సమగ్రంగా పరిశీలిస్తాయని అందులో ఉంది. నలుగురు కోడళ్ళున్న ఇంట్లో పాలు పొంగిపోతాయి, పొయ్యి దగ్గర ఇంకొకరు ఉన్నారులే అని అందరూ అనుకుంటారు. ఇదీ అంతే. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు నాయకుడు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నన్ను కలుపుకున్నది నా పాండిత్యం చూసి కాదు. ఆ షెడ్డు మా పుట్టింటి ఊరి చివర, ప్రత్తిపాడు పోయే రోడ్డు పక్కన ఉంది. మా అన్న భార్య, మా వదిన, అందులో పనిచేస్తుంది. లోకల్ సపోర్టు కింద నా పేరు చివర వేశారు, పులుసులో కరివేపాకులాగా.

కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన ఎండు మిరపకాయలు ఆ షెడ్డులో గుట్టలుగా పోస్తారు. ఆడవాళ్ళు మూతికి పాత చీర పీలిక కట్టుకుని చుట్టూ కూర్చుంటారు, తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయల్ని పక్కకి ఏరతారు. కొత్తగా లోపలికి వచ్చినవాడు ముందు తుమ్ముతాడు, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, ఆ తర్వాతే ఏ పని మీద వచ్చాడో చెబుతాడు.

వదినది పెద్ద గొంతు. మా ఊరి చర్చిలో మైకు లేని రోజుల నుంచీ పాట ఎత్తుకునేది ఆమే. వెనక వరసలో నిద్రపోతున్న మగాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. అలాంటిది కొంతకాలంగా చరణం మధ్యలో ఆగిపోయి గాలి పీల్చుకుంటోంది. ఊపిరి కొలిచే మిషను తెస్తున్నారని నేను చెప్పగానే ఒకటే అడిగింది.

"ఏమ్మా లెక్చరరమ్మా, నా ఊపిరి తగ్గింది షెడ్డు వల్లనా, వయసు వల్లనా? అది చెబుతుందా మీ మిషను?"

ఎందుకని అడిగితే లెక్క అంతా విప్పి చెప్పింది. షెడ్డు వల్లయితే మానేసి పత్తి తీతకు పోతుంది. ఎండలో నడుము విరిగినా గాలయితే ఆడుతుంది. కానీ పత్తి కొన్నాళ్ళే, షెడ్డు ఏడాది పొడుగునా. పైగా నీడపట్టు పని. ఒకసారి వదిలిన చోటు ముఠా మేస్త్రి మళ్ళీ ఇవ్వడు. వయసు వల్లే ఊపిరి తగ్గిందంటే మాత్రం ఆ పని వదులుకోవడం తెలివితక్కువ. అంతే ఆమె ప్రశ్న. నాలుగు శాస్త్రాలూ కలిసి రాసిన ప్రాజెక్టులో అంత సూటిగా ఉన్న ప్రశ్న ఇంకొకటి నాకు కనపడలేదు.

బృందం వస్తుందని షెడ్డు యజమాని పొద్దున్నే నేలంతా నీళ్ళు చల్లించాడు. దుమ్ము కొలవడానికి వచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఆయన తన పెట్టెని గుమ్మం దగ్గర, యజమాని టేబుల్ ఫాన్ పక్కన పెట్టుకున్నాడు. గుట్టల దగ్గర పెట్టండి అన్నాను. అక్కడ పెడితే ఫిల్టరు పాడైపోతుందన్నాడు. లోపల కూర్చున్నవాళ్ళ ఊపిరితిత్తులకి కంపెనీ వారంటీ ఉంది కాబోలు. ఎడ్యుకేషన్ ఆవిడ పిల్లల్ని బడికి ఎందుకు పంపడం లేదని అందర్నీ వరసగా అడిగింది. ఆ వేళకి పిల్లలు బడిలోనే ఉన్నారు. మా ఎకనామిక్స్ తక్కువ తిన్నదా అంటే అదీ లేదు. తీరిక సమయాన్ని ఎలా వినియోగిస్తారని ఒక ప్రశ్న. వదిన పక్కన కూర్చున్నామె, అదెక్కడ దొరుకుతుందో చెబితే రేపటి నుంచి వినియోగిస్తామంది.

అసలు వినోదం ఆరోగ్యం ప్రశ్నల దగ్గర. అవి ఇంగ్లీషులో పుట్టి, తెలుగు మాట్లాడని తెలుగువాడెవడి చేతిలోనో పడి వచ్చాయి. వక్షస్థలమున బిగుతు అనుభూతి చెందితిరా అని ఒకటి. ఛాతీ నుండి ఈల శబ్దము వచ్చునా అని ఇంకొకటి. దానికి షెడ్డు షెడ్డంతా నవ్వింది. ఈలలు వేసేది మేం కాదు, బయట లారీ దగ్గరున్నారు, వాళ్ళని అడగండి అన్నారు. ఫిజియాలజీ డాక్టరు నవ్వకుండా 'లేదు' అని టిక్కు పెట్టుకున్నాడు.

తర్వాత దగ్గు. దగ్గు ఉందా అని అడిగితే లేదండి అన్నారు. ఒకామె ఆ మాట చెప్పబోయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగి ఆగి దగ్గి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు లేదండి అంది. డాక్టరు దానికీ 'లేదు' అనే పెట్టాడు.

మా వైపు దగ్గంటే జబ్బు. దగ్గు మనిషంటే పెద్దాసుపత్రికి పోయి నెలల తరబడి మందు మింగాల్సిన మనిషి. అలాంటామెని ఏ ముఠాలోనూ కూర్చోనివ్వరు, ఆమె గ్లాసులో నీళ్ళు తాగరు. షెడ్డులో వచ్చేదాన్ని ఎవరూ దగ్గు అనరు. అది ఘాటు. ఘాటు ఎక్కింది, ఘాటు పట్టేసింది, ఘాటుకి నిద్ర లేదు, ఇలా అంటారు. మిరప పండే ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఈ తేడా తెలుసు. ప్రొఫెసరు గారిదీ ఈ జిల్లాయే. నేను ఆయన్ని పక్కకి పిలిచి, దగ్గు బదులు ఘాటు అని అడిగించండి, జవాబులు తిరగబడతాయి అన్నాను.

"మేడం, ఇది వాలిడేటెడ్ క్వశ్చనీర్. ఒక్క మాట మార్చినా వేరే దేశాల ఫలితాలతో పోల్చలేం."

"ఏ దేశంలో సార్ ఘాటుని దగ్గంటారు?"

మీరు ఎకనామిక్స్ కదా అన్నాడాయన, నవ్వుతూ. ఆ నవ్వుకి అర్థం నాకు బాగా తెలుసు. ఇంట్లో, కాలేజీలో, బ్యాంకులో, అన్నిచోట్లా అదే నవ్వు.

ఊదడానికి వదిన వంతు వచ్చింది. నిండా పీల్చి, ఆపకుండా, లోపలంతా ఖాళీ అయ్యేదాకా ఊదమన్నాడు డాక్టరు. ఊదింది. మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ ఊదింది, మెడ నరాలు తేలాయి, స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. తేరుకున్నాక ఆయన్ని నేరుగా అడిగింది. "ఎంతొచ్చిందయ్యా? షెడ్డా, వయసా?"

రిపోర్టు వస్తుందమ్మా అని ఆయన తర్వాతామెని పిలిచాడు.

కొన్నాళ్ళకి గుంటూరులో ఏసీ హాల్లో సెమినార్ పెట్టారు. బ్యాగులు, పెన్నులు, మధ్యాహ్నం బిర్యానీ. మిర్చి కూలీ ఒక్కరు లేరు, మిర్చి బజ్జీలు మాత్రం ఉన్నాయి. తెర మీద వచ్చిన మొదటి సంగతి, షెడ్డు ఆడవాళ్ళకి దగ్గు దాదాపు లేదని. తరతరాల అలవాటు వల్ల వాళ్ళ శరీరాలు మిరపకి సర్దుకున్నాయట. మరి ఊపిరి కొలతలు? అవి చాలామందికి తక్కువగా వచ్చాయి. దగ్గు లేనివాళ్ళకి ఊపిరి తగ్గడమేమిటని బృందం మథనపడి, చివరికి ఎడ్యుకేషన్ వాళ్ళ సాయంతో కారణం పట్టేసింది. చదువు లేకపోవడం వల్ల వాళ్ళకి ఎలా ఊదాలో అర్థం కాలేదట. సరిగ్గా ఊదలేదు కాబట్టి ఆ కొలతలు తీసేశారు. చర్చి మొత్తాన్ని ఒక్క గొంతుతో నడిపించిన మనిషికి ఊదడం చేతకాలేదు.

నేను లేచాను. "దగ్గు లేదన్న మాట నమ్మారు, తగ్గిన ఊపిరిని నమ్మలేదు. రెండూ ఆ నోట్లోంచే వచ్చాయి కదండీ. మీకు పనికొచ్చింది నిజం, పనికిరానిది చదువు లేకపోవడమా?"

మంచి ప్రశ్న, భోజనాల తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. భోజనాల తర్వాత గ్రూప్ ఫోటో దిగారు. వ్యాసం అచ్చయింది. ఆఖర్న కృతజ్ఞతల్లో నేనున్నాను, పనికి అంతరాయం కలగకుండా సహకరించిన షెడ్డు యజమాని తర్వాత.

ఆ ఫోటో అయ్యాక డాక్టర్ని మెట్ల దగ్గర పట్టుకుని మా వదిన కొలత అడిగాను. పేర్లుండవు, కోడ్‌లే ఉంటాయి, గోప్యత నియమాలున్నాయి అన్నాడు. ఆమెది ఆమెకే చెప్పండి, ఊరంతా చాటమనడం లేదు కదా అన్నాను. తీసేసిన వాటికి రిపోర్టులు ఇవ్వరన్నాడు.

వదినని గుంటూరు తీసుకెళ్ళి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపిస్తానని ఎన్నిసార్లు పిలిచినా రాదు. ఆమె లెక్క ఆమెది. అంతమంది పెద్దవాళ్ళు వచ్చారు, ఊదించుకున్నారు, ఏదన్నా ఉంటే చెప్పకపోతారా? రిపోర్టు రాలేదంటే ఏమీ లేదనే అర్థం. వయసే. కాబట్టి పత్తి తీతకు పోలేదు, షెడ్డులోనే కూర్చుంటోంది. వాళ్ళు అడిగిన ప్రశ్న తప్పు, కొలతలు తీసేయడం తప్పు, నీది నీకు చెప్పకపోవడం ఇంకా తప్పు అని నేను వాదిస్తే, "నువ్వు పుట్టినప్పటి నుంచీ అంతే, దేవుడితో కూడా పేచీ పెట్టుకుంటావు" అంటుంది. ఆ మాట పూర్తి చేయడానికి ఇప్పుడు మధ్యలో ఓసారి ఆగుతోంది.

స్టాఫ్ రూములో వాళ్ళు అబద్ధాల కథ మొదలుపెట్టిన ప్రతిసారీ నేను ఇదే అడుగుతున్నాను. ఆ రోజు మా వదిన సరిగ్గా ఊదలేకపోయిందా, లేక సరిగ్గా ఊదితేనే అంత తక్కువ వచ్చిందా?